‘ఇతర అంశాల’ చాటున

సేవా సంఘాల నెలవారీ సమావేశానికి పంపే ఎజెండా కాగితం అడుగున ఒక వరుస తప్పకుండా ఉంటుంది: అధ్యక్షుల అనుమతితో ఇతర అంశాలు. కంటి శిబిరం ఖర్చులు, బడిపిల్లలకు నోటు పుస్తకాలు, వచ్చే ఆదివారం మొక్కలు నాటే పని, పోయిన నెల జమాఖర్చులు అన్నీ అయిపోతాయి. టీ గ్లాసులు వస్తాయి. సగం మంది లేచి చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. అప్పుడు ఆ చివరి వరుస వంతు వస్తుంది. కార్యదర్శి ఒక కాగితం తీసి గబగబా చదువుతారు. ఒకరు ప్రతిపాదిస్తారు, ఒకరు బలపరుస్తారు, మినిట్స్ పుస్తకంలో ‘ఏకగ్రీవం’ అని పడుతుంది. సంఘం నియమావళి మారిపోతుంది. ఏం మారిందో అక్కడ కూర్చున్నవారిలో చాలామందికి తెలియదు. రానివారికి అసలే తెలియదు.

ఇది మోసమే అనలేం. చాలాచోట్ల ఇందులో దురుద్దేశం ఉండదు, తొందర మాత్రమే ఉంటుంది. కానీ ఈ తొందర అలవాటైన సంఘాన్ని దురుద్దేశం ఉన్నవాడు ఒక్క సాయంత్రంలో పట్టుకుపోగలడు. ఆ ప్రమాదం గురించే ఈ హెచ్చరిక. మేడ్చల్, శామీర్‌పేట వైపు గౌడవెల్లి లాంటి ఊళ్లకు దీన్ని ప్రత్యేకించి చెప్పవలసి వస్తోంది. దానికి కారణం ఆ ఊళ్లలో గత రెండేళ్లుగా జరుగుతున్న మార్పులు.

2024 ఫిబ్రవరి మొదట్లో రాష్ట్రంలో పంచాయతీ పాలకవర్గాల గడువు ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో ఔటర్ రింగు రోడ్డు చుట్టూ ఉన్న 51 పంచాయతీలను పక్క మున్సిపాలిటీల్లో కలిపారు. గౌడవెల్లి, మునీరాబాదు గుండ్లపోచంపల్లిలో చేరాయి. అప్పటి మున్సిపల్ కౌన్సిల్ 2020 జనవరి ఎన్నికల్లో వచ్చినది. గౌడవెల్లి ఓటరు దాన్ని ఎన్నుకోలేదు. 2025 జనవరిలో ఆ కౌన్సిల్ గడువు కూడా తీరింది. 2025 డిసెంబరులో గుండ్లపోచంపల్లి సహా 27 మున్సిపాలిటీలను, కార్పొరేషన్లను హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిపేశారు. అక్కడి పాలకమండలిని 2020 డిసెంబరులో 150 డివిజన్ల వాళ్లు ఎన్నుకున్నారు. దానిలోనూ గౌడవెల్లి ఓటు లేదు. అదే 2025 డిసెంబరులో రాష్ట్రమంతా పల్లెలు వరుసగా సర్పంచులను ఎన్నుకుంటుంటే ఈ ఊరు చూస్తూ కూర్చుంది. ఎమ్మెల్యే, ఎంపీ ఉన్నారు, నిజమే. మోరీ నిండితే, వీధి దీపం ఆరిపోతే వారి దాకా ఎవరు వెళతారు?

పంచాయతీ పోవడంతో పోయింది సర్పంచి ఒక్కడే కాదు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలి. ఎంతమంది వస్తే సభ చెల్లుతుందో ఊరి ఓటర్ల సంఖ్యను బట్టి చట్టమే నిర్ణయించింది. ఆ సభలు అన్నిచోట్లా సక్రమంగా జరిగాయని ఎవరూ అనరు. అయినా ఓటరు జాబితాలో పేరున్న ఏ మనిషైనా నిలబడి, మంచినీళ్ల పైపుకు ఎంత ఖర్చయిందని అడిగే హక్కు కాగితం మీదైనా ఉండేది. మహానగరంలో డివిజన్ల సంఖ్యను 300కు పెంచారు. ఒక్కో డివిజన్‌లో వేలకు వేల ఓటర్లు. వార్డు కమిటీలు చట్టంలో ఉన్నాయి, కానీ అవి ఊరంతా కూర్చునే సభలు కావు.

కాబట్టి ఇప్పుడు ఈ ప్రాంతంలో మామూలు మనిషి తలెత్తి అడిగి, చెయ్యెత్తి ఓటేసే చోట్లు చాలా తక్కువ మిగిలాయి. కాలనీ సంక్షేమ సంఘం, యువజన సంఘం, మహిళా మండలి, కుల సంఘం, లయన్స్, రోటరీ, వాసవి క్లబ్బులు. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాదు నుంచి మేడ్చల్ దాకా ఎంఎంటీఎస్ రైలు మొదలైంది. ఆ దారిలో గౌడవెల్లి ఒక స్టేషను. రైలు వచ్చింది, రోడ్డు వచ్చింది, వెంచర్లు వచ్చాయి. ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్థిరపడ్డ కుటుంబాలకు, తరతరాలుగా ఉన్న కుటుంబాలకు మధ్య పరిచయం జరిగేది ఇలాంటి సంఘాల సమావేశాల్లోనే. వీటి నియమాలు వీగిపోతే ఆ కలిసే చోటు కూడా పోతుంది.

నియమాలను నెమ్మదిగా మార్చాలనే జాగ్రత్త కొత్తది కాదు. 1860లో వచ్చిన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 12వ సెక్షన్ చూడండి. సంఘం తన ఆశయాన్ని మార్చుకోవాలంటే, విస్తరించాలంటే, ప్రతిపాదనను ప్రత్యేక సమావేశానికి 10 రోజుల ముందే ప్రతి సభ్యుడికీ అందజేయాలి, లేదా పోస్టులో పంపాలి. మొత్తం సభ్యుల్లో అయిదింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. అంతటితో అయిపోదు. నెల రోజుల తర్వాత రెండో ప్రత్యేక సమావేశం పెట్టి, హాజరైనవారిలో అయిదింట మూడు వంతుల మందితో దాన్ని మళ్లీ ఖాయం చేసుకోవాలి. ఆ నెల రోజులు ఎందుకు పెట్టారు? మొదటి రోజు ఆవేశం చల్లారడానికి, రానివాడికి కబురు చేరడానికి, ఒప్పుకున్నవాడు ఇంటికెళ్లి మళ్లీ ఆలోచించుకోవడానికి. ఉత్తరం చేరడానికే రోజులు పట్టే కాలంలో రెండుసార్లు అడగమన్నారు. ఇవాళ సమాచారం రెప్పపాటులో చేరుతోంది, మనం ఒక్కసారి అడగడానికి కూడా బద్ధకిస్తున్నాం.

నిజాం ఏలుబడిలోని తెలంగాణకు 1350 ఫస్లీ నాటి వేరే సొసైటీల చట్టం ఉండేది. దాని స్థానంలోను, ఆంధ్ర ప్రాంతంలో అమలైన 1860 చట్టం స్థానంలోను ఉమ్మడి రాష్ట్రం 2001లో ఒకే చట్టం తెచ్చింది. అది ఆ ఏటి 35వ చట్టం. తెలంగాణ ఏర్పడ్డాక కూడా అదే కొనసాగుతోంది. ఏడుగురు కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. నియమావళి రాసి ఇవ్వాలి. సవరణ సర్వసభ్య సమావేశంలో జరగాలి, దాని నకలు రిజిస్ట్రారు దగ్గర దాఖలు కావాలి. మిగతా వివరాలు చాలావరకు సంఘాలు తమకు తాము రాసుకున్నవే. చిక్కు అక్కడే ఉంది. సర్వసభ్య సమావేశానికీ నెలవారీ సమావేశానికీ ఉన్న తేడాను చాలా సంఘాలు మరిచిపోయాయి. వచ్చిన పదిమందే సర్వసభ్యులనుకుంటున్నాయి.

ఇలాంటివి ఎన్నో చూసిన పాత సంస్థలు ఏం చేస్తున్నాయి? రోటరీ క్లబ్బులకు ఇచ్చే నమూనా ఉపనియమాల ప్రకారం వాటిని మామూలు సమావేశంలో కూడా మార్చుకోవచ్చు. అయితే ముందుగా ప్రతి సభ్యుడికీ రాతపూర్వకంగా నోటీసు వెళ్లాలి, సభ్యుల్లో మూడో వంతు హాజరు కావాలి, ఓట్లలో మూడింట రెండు వంతులు రావాలి. క్లబ్బు మూల నియమావళిలో చాలా భాగాన్ని మాత్రం క్లబ్బు ముట్టుకోలేదు. మూడేళ్లకొకసారి ప్రపంచం నలుమూలల నుంచి ప్రతినిధులు వచ్చే శాసన మండలే దాన్ని మార్చాలి. లయన్స్ నమూనాలో కూడా ప్రతిపాదిత సవరణ పాఠం 14 రోజుల ముందు సభ్యుడి చేతికి చేరకపోతే దాన్ని ఓటుకు పెట్టకూడదు. అంటే సమావేశం మామూలుదా, ప్రత్యేకమైనదా అన్నది అంత ముఖ్యం కాదు. సభ్యుడు ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే ఇవాళ ఏం మారబోతోందో అతనికి తెలిసిందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఇక కోరం సంగతి. దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మన సంఘాల నియమావళుల్లో చాలా వాటిలో ఒక వాక్యం ఉంటుంది: కోరం లేకపోతే సమావేశాన్ని అరగంట వాయిదా వేసి అదే చోట తిరిగి జరపవచ్చు, వాయిదా పడిన సమావేశానికి కోరం అవసరం లేదు. కరెంటు బిల్లు కట్టడానికి, చనిపోయిన సభ్యుడికి సంతాపం తెలపడానికి ఇది పనికొచ్చే ఏర్పాటే. ఎవరూ రాలేదని సంఘం స్తంభించిపోకూడదు కదా. కానీ అదే వెసులుబాటుతో నియమావళినీ మార్చవచ్చనుకుంటే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. ఒక సంఘంలో 120 మంది సభ్యులున్నారనుకుందాం. పాత 1860 లెక్కన మార్పుకు 72 మంది ఒప్పుకోవాలి. మూడో వంతు కోరం, మూడింట రెండు వంతుల ఓట్ల లెక్కన కనీసం 27 మంది ఒప్పుకోవాలి. అరగంట వాయిదా వేసిన సమావేశంలో 15 మంది మిగిలితే? పదిమంది చాలు. ఆ పదిమంది చెయ్యెత్తితే మిగతా 110 మంది కట్టుబడాలి. ఆ పదిమందీ అధ్యక్షుడి స్నేహితులే అయితే ఇక చెప్పేదేముంది?

పైగా ఇప్పుడు వాట్సాప్ ఒకటి. పొద్దుటి శుభోదయాల మధ్య, పండగ శుభాకాంక్షల మధ్య ఎక్కడో నోటీసు పడుతుంది. ఎవరైనా అడిగితే గ్రూపులో పెట్టాం కదా అంటారు. కొన్నిచోట్ల అయితే ప్రతిపాదన కింద వచ్చిన బొటనవేళ్ల బొమ్మలను ఓట్లుగా లెక్కపెడుతున్నారు. చూశానని చెప్పడానికి పెట్టిన బొటనవేలు ఒప్పుకున్నానని చెప్పినట్టు ఎలా అవుతుంది? హాజరుపట్టీ సంతకానిదీ ఇదే వరస. వచ్చినందుకు చేసిన సంతకం కింద తర్వాత తీర్మానం రాసుకుంటే, అది ఆ మనిషి సమ్మతిగా రిజిస్ట్రారు కార్యాలయానికి చేరుతుంది.

ఇంత చిన్న సంఘాలకు ఇంత భయం ఎందుకనేవారు దేశంలోకెల్లా డబ్బున్న సంఘాన్ని చూడవచ్చు. భారత క్రికెట్ నియంత్రణ మండలి కూడా తమిళనాడులో సొసైటీగా నమోదైన సంస్థే. బోర్డు నిర్వాహకులకు బోర్డు జరిపే పోటీల్లో వ్యాపార ప్రయోజనం ఉండకూడదని దానికొక నియమం ఉండేది. 2008లో ఆ నియమానికి ఒక చిన్న మినహాయింపు తగిలించారు: ఐపీఎల్, చాంపియన్స్ లీగ్ లాంటి పోటీలకు ఇది వర్తించదని. ఆ ఒక్క సవరణతో బోర్డులో పదవి ఉన్నవారు జట్టు యజమానులుగానూ ఉండవచ్చన్నది ధర్మబద్ధమైపోయింది. సుప్రీంకోర్టు 2015 జనవరి 22న ఆ సవరణను కొట్టేసేదాకా ఆరేళ్లకు పైగా పట్టింది. ఆలోపు స్పాట్ ఫిక్సింగ్ కుంభకోణం వచ్చింది, కమిటీల మీద కమిటీలు వచ్చాయి, ఆటను ప్రేమించేవారి నమ్మకం చెదిరిపోయింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ మన జిల్లాలోనే ఉంది. ఉప్పల్ స్టేడియం మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనిదే. హైదరాబాదు క్రికెట్ సంఘంలో కుమ్ములాటలు ముదిరి 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాని వ్యవహారాలను జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుతో ఏర్పాటు చేసిన ఏకసభ్య కమిటీకి అప్పగించింది. కొందరే పలు క్లబ్బులను చేతిలో పెట్టుకుని ఓట్లన్నీ ఒకే వైపు తిప్పుతున్నారని తేల్చి, ఆ కమిటీ 57 క్లబ్బులను ఎన్నికల నుంచి దూరం పెట్టింది. ఒక క్లబ్బుకు ఒక ఓటు అన్న నియమం పుస్తకంలో బాగానే ఉంది. ఆ క్లబ్బు వెనుక ఎవరున్నారని అడిగేవాళ్లే లేకపోయారు. 2025 జులైలో సంఘం అధ్యక్షుడు సహా కొందరిని సీఐడీ అరెస్టు చేసింది. ఒక క్లబ్బు పత్రాలను ఫోర్జరీ చేసి పోటీకి అర్హత తెచ్చుకున్నారన్నది అందులో ఒక ఆరోపణ. అది నిజమో కాదో కోర్టు తేలుస్తుంది. అయితే అంత పెద్ద సంఘాన్ని కూడా ఒక చిన్న క్లబ్బు కాగితాలు ఎక్కడిదాకా లాగాయో చూడండి.

గౌడవెల్లి దగ్గర క్లబ్బుల్లో ఐపీఎల్ డబ్బు లేదు, నిజమే. కానీ భూమి ఉంది. ఒకప్పుడు పంచాయతీ ఇచ్చిన రెండు గదుల భవనం, దాత రాసిచ్చిన రెండొందల గజాల జాగా, చందాలతో కట్టుకున్న కమ్యూనిటీ హాలు. అవి కట్టిన రోజుల్లో వాటి విలువను ఎవరూ పట్టించుకోలేదు. ఔటర్ రింగు రోడ్డు, రైలు రాకతో ఇప్పుడు అదే జాగాకు పలుకుతున్న ధర వింటే కట్టినవారే ఉలిక్కిపడతారు. అలాంటి సంఘంలో సవరణ ఏ రూపంలో వస్తుంది? అమ్మేద్దామని ఎవరూ తీర్మానం పెట్టరు. సంఘం స్థిరాస్తుల నిర్వహణకు సంబంధించిన సర్వాధికారాలు కార్యవర్గానికి ఉండును అని ఒక వరుస చేరుస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. మరుసటి ఏడు ఆ కార్యవర్గమే ఆ జాగాను ముప్పై మూడేళ్ల లీజుకో, బిల్డరుతో డెవలప్‌మెంట్ ఒప్పందానికో ఇస్తే సభ్యుడు ఏమని అడగాలి? నిరుడు మీరే ఒప్పుకున్నారు కదా అంటారు. సంఘం రద్దయినా మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకోరాదని 1860 చట్టం 14వ సెక్షన్‌లోనే రాశారు. ఆస్తి సేవకు ఇచ్చినదని, మనుషులకు ఇచ్చినది కాదని దాని భావం. రద్దు చేయకుండానే ఆస్తిని చేతులు మార్చే దారి ఆ చిన్న సవరణలో ఉంటుంది.

పార్కు స్థలాలకు సంబంధించి మరో చిక్కుంది. లేఅవుట్‌లో ఖాళీగా విడిచిన స్థలాన్ని స్థానిక సంస్థ పేర రాసివ్వాలి. ఆ స్థానిక సంస్థ రెండేళ్లలో రెండుసార్లు మారింది. పంచాయతీ తీర్మానాల పుస్తకాలు మున్సిపాలిటీకి, అక్కడి నుంచి మహానగర కార్యాలయానికి ప్రయాణం చేశాయి. ఇలాంటి సంధికాలంలో ఏ స్థలం ఎవరిదో ఊరికి గుర్తుచేయగలిగేది కాలనీ సంఘమే. కాపలా కాయవలసిన సంఘం తన నియమావళిని తానే వదులు చేసుకుంటే కంచె చేను మేసినట్టే అవుతుంది.

ఓటు హక్కుకు సంబంధించిన సవరణలు ఇంకో రకం. జీవితకాల సభ్యులకే ఓటు, వ్యవస్థాపక సభ్యులకు కార్యవర్గంలో శాశ్వత స్థానం, అద్దెకుండేవారికి సభ్యత్వం లేదు, ఏడాది పదవీకాలాన్ని మూడేళ్లకు పొడిగించడం. ఏ ఒక్కటి తీసుకున్నా ఏదో ఒక సమర్థన దొరుకుతుంది. పరిశ్రమల్లో పనిచేసే కుటుంబాలు అద్దె ఇళ్లలో ఉండే ఈ ప్రాంతంలో అద్దెదారును బయట పెట్టడమంటే సగం వీధిని బయట పెట్టడం. పదవీకాలాన్ని పొడిగించుకునే సవరణ ఇప్పుడు కుర్చీలో ఉన్నవారికే వర్తిస్తే, దాన్ని సవరణ అనడం కూడా మొహమాటమే.

మార్పు వద్దని మేం అనడం లేదు. మన చరిత్రలో ఒక సంఘం తన నియమాన్ని మార్చుకుని దేశగతినే మార్చిన సందర్భం ఉంది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదట్లో చదువుకున్నవారి, ఉన్నవారి సభ. 1940ల్లో అది సభ్యత్వ రుసుమును రూపాయి నుంచి నాలుగణాలకు తగ్గించింది. దాంతో కూలివాడు, కౌలుదారు సభ్యులయ్యారు. సభ సంఘమైంది, పల్లెపల్లెకూ పాకింది, ఆ తర్వాత జరిగినదంతా చరిత్ర పుస్తకాల్లో ఉంది. అది బయట ఉన్నవారికి తలుపు తీసిన సవరణ. బహిరంగ మహాసభలో చర్చించి చేసుకున్నది. రోటరీదీ అలాంటి కథే. కాలిఫోర్నియాలో డువార్టే అనే చిన్న ఊరి క్లబ్బు 1977లో మహిళలను చేర్చుకుంది. 1978లో అంతర్జాతీయ సంస్థ ఆ క్లబ్బు గుర్తింపును రద్దు చేసింది. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1987 మేలో క్లబ్బు పక్షాన తీర్పు వచ్చింది. 1989లో రోటరీ శాసన మండలి మగవారికే సభ్యత్వమన్న నిబంధనను ప్రపంచమంతటా తీసేసింది. అక్కడ పదేళ్లకు పైగా ఆలస్యం జరిగింది, అది మెచ్చుకోదగ్గది కాదు. అయినా ఆ మార్పు అందరికీ తెలిసి జరిగింది, కాబట్టి నిలబడింది.

ఎదుటివాదం కూడా వినాలి. సంఘాల కార్యదర్శులు చెప్పేది నిజమే: నోటీసు పంపితే ఎవరూ చదవరు, ఫోన్ చేస్తే పెళ్లికి వెళ్లామంటారు, సర్వసభ్య సమావేశం పెడితే భోజనం పెట్టినా ముప్పై మంది దాటరు. జీతం లేని పని. ఇంటి పని మానుకుని, సొంత పెట్రోలు పోసుకుని తిరిగే ఆ ఒకరిద్దరి మీదే సంఘం నడుస్తుంది. వారికి ఇంకో నిబంధన తగిలించడం అన్యాయంగా కనిపించవచ్చు. రోటరీ కూడా కాలంతో పాటు వెసులుబాటు ఇవ్వక తప్పలేదు, 2016లో వారం వారం సమావేశం తప్పనిసరి అన్నది సడలించి నెలకు రెండు చాలునన్నది. అది అర్థం చేసుకోదగ్గదే. అయితే సమావేశాలు తగ్గినకొద్దీ ఒక్కో సమావేశంలో జరిగేదాని బరువు పెరుగుతుంది. రానివారిది తప్పే. ఆ తప్పుకు శిక్షగా వారి హక్కును తీసేయడం కార్యదర్శి పని కాదు. కష్టపడేవారికి కూడా ఈ జాగ్రత్తే రక్షణ. రేపు వివాదం వస్తే, నోటీసు పంపిన రుజువు, పాత కొత్త పాఠాలు, ఓట్ల లెక్క చేతిలో ఉన్న కార్యదర్శిని ఎవరూ వేలెత్తి చూపలేరు.

వివాదం వస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. ఏ కార్యవర్గం అసలుది, ఏ తీర్మానం చెల్లుతుంది అన్నది రిజిస్ట్రారు కూర్చుని తేల్చే పని కాదు. 2001 చట్టం 23వ సెక్షన్ ప్రకారం సభ్యుడు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయాలి. కాలనీలో కిరాణా కొట్టు నడిపే సభ్యుడు వకీలును పెట్టుకుని ఏళ్ల తరబడి తిరగగలడా? అందుకే చాలామంది ఊరుకుంటారు. సంఘానికి రావడం మానేస్తారు. వారు మానేయడం వల్ల మరుసటి సమావేశంలో కోరం ఇంకా తగ్గుతుంది, ఆ తగ్గిన కోరమే మరో సవరణకు సాకవుతుంది. పన్ను మినహాయింపు పొందుతున్న సంఘమైతే ఇంకో తలనొప్పి. ఆశయాలను మార్చినప్పుడు ఆదాయపు పన్ను శాఖకు గడువులోగా మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఇతర అంశాల కింద హడావుడిగా మార్చినవారికి ఆ సంగతి గుర్తుండదు, నోటీసు వచ్చినప్పుడు తెలుస్తుంది.

సంఘాలు చేయవలసినది ఎక్కువేం లేదు. నియమావళిలో ఏ మార్పయినా పాత వాక్యం ఒక పక్క, కొత్త వాక్యం ఇంకో పక్క అచ్చు వేసి, కారణం రెండు మాటల్లో రాసి, కనీసం మూడు వారాల ముందు సభ్యుల ఇళ్లకు పంపాలి. నోటీసు బోర్డు మీద కూడా పెట్టాలి. వాయిదా పడిన సమావేశంలో సవరణ చేపట్టరాదని ఇప్పుడే ఒక సవరణ చేసుకోవాలి, అది కూడా పద్ధతి ప్రకారమే. పదవీకాలం మార్పు తర్వాతి కార్యవర్గం నుంచే అమలు కావాలి. భూమిని, భవనాన్ని అమ్మడం, దీర్ఘకాలం లీజుకివ్వడం లాంటివి సర్వసభ్య సమావేశం తప్ప ఎవరూ తేల్చకూడదు. ఇందులో న్యాయభాష అర్థం కాకపోతే సాయానికి ఎంతో దూరం వెళ్లనక్కర్లేదు. 1998లో ఏర్పాటైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలోనే ఉంది. చుట్టుపక్కల ఊళ్ల సంఘాల నియమావళులు చదివి, లోపాలు చూపించడం న్యాయ విద్యార్థులకు మంచి పాఠమే అవుతుంది. సంఘాలు అడగాలి, విశ్వవిద్యాలయం ముందుకు రావాలి.

ప్రభుత్వం వైపు నుంచి కావలసినది ఇంకా చిన్నది. సవరణ పత్రాలు దాఖలు చేయడానికి వచ్చినవారిని జిల్లా రిజిస్ట్రారు కార్యాలయం మూడు కాగితాలు అడగాలి: సభ్యులకు పంపిన నోటీసు నకలు, అది పంపినట్టు రుజువు, హాజరైనవారి సంఖ్యతో పాటు అనుకూల వ్యతిరేక ఓట్ల లెక్క. ఎవరి పక్షం న్యాయమో తేల్చమని అడగడం లేదు, కాగితం పూర్తిగా ఉందో లేదో చూడమంటున్నాం. నమోదైన నియమావళి, దాని సవరణలు ఏ సభ్యుడైనా వకీలు లేకుండా చూసుకునేలా ఉంచాలి. రోటరీ, లయన్స్ క్లబ్బులకు జులై 1న కొత్త ఏడాది మొదలై కొత్త కార్యవర్గాలు వస్తాయి. అంతకు ముందు నెలల్లోనే సవరణల కాగితాలు ఎక్కువగా కదులుతాయి. గౌడవెల్లి నుంచి శామీర్‌పేట దాకా ఉన్న సంఘాల సభ్యులు ఆలోపు తమ కార్యదర్శిని ప్రస్తుత నియమావళి నకలు ఒకటి అడిగి తీసుకోవాలి. ఇవ్వడానికి కార్యదర్శి తటపటాయిస్తే, మరుసటి సమావేశం ఎజెండాలో మొదటి అంశం అదే కావాలి.